మూడో గేరు మీద అక్క చెయ్యి

మా అక్క కాపురానికి వెళ్ళిన మొదటి పదకొండేళ్ళూ కారులో గేరు రాడ్డు పట్టుకుని కూర్చుంది. నడిపేది మా బావ. పట్టుకునేది అక్క. నవ్వండి, పరవాలేదు, మేమూ చాలా నవ్వాం.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మా బావ రేపల్లెలో ఒక రైసు మిల్లులో ఫిట్టరు. ఆయన నాన్న ఒకప్పుడు ఒక తెల్ల డాక్టరు దగ్గర డ్రైవరుగా పనిచేశాడు. డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ కారును ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు. ఇంగ్లండులో తయారైన ఎర్ర కారు. పొట్టిగా, నేలకు ఆనుకుని ఉంటుంది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. సొంత ఇల్లు లేదు, మిల్లు వాళ్ళిచ్చిన రెండు గదుల్లో కాపురం, బయటికి వస్తే మాత్రం పందేల కారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అమ్మ ఆయన మొహం మీదే అనేది. బావ నవ్వి ఊరుకునేవాడు.

నేను తెనాలిలో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేదాన్ని. చిన్న షాపు, రెండు మిషన్లు. ఆ కారు మీద నాకూ కొంత హక్కు ఉందని నా వాదన, ఎందుకంటే దాని గుడ్డ కప్పు చివికిపోతే తార్పాలిను తెచ్చి కొత్తది కుట్టింది నేనే. సీట్లకు రెక్సిను తొడిగింది కూడా నేనే. సీట్ల వెనక సామాను పెట్టుకునే గూడు లాంటి చోటు ఉండేది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోగలిగితే అందులో నేను పడతాను. అలా చాలాసార్లు పడ్డాను.

ఇంజను మన అంబాసిడర్ ఇంజనుకు పెదనాన్న కొడుకు వరస. కాబట్టి దానికి ఏ జబ్బు చేసినా మందు తెనాలిలో దొరికేది. గేరుబాక్సుది వేరే వంశం. నాలుగు గేర్లు. మొదటిదాంట్లో కదులుతుంది, రెండోదాంట్లో మూలుగుతుంది, మూడోది వేసి చెయ్యి తీశామా, టక్కున బయటికి దూకుతుంది. నాలుగోది ఎలాగో నిలబడేది గానీ, ఆ రోజుల్లో మన రోడ్ల మీద నాలుగో గేరు పడేదెక్కడ. అందుకని బావ మూడో గేరు వెయ్యగానే, పక్క సీట్లో ఉన్న అక్క కుడి చేత్తో రాడ్డును గట్టిగా పట్టుకునేది. ఆయన క్లచ్చి తొక్కితే వదిలేది. పెళ్ళయిన కొత్తలో మొదలైంది ఈ పద్ధతి. ఒళ్ళో పిల్ల, చేతిలో గేరు. చర్చికీ అలాగే, మా ఇంటికీ అలాగే. బావ ఒక్కడే వెళ్ళాల్సి వస్తే రెండో గేరులోనే ఏడ్చుకుంటూ వెళ్ళేవాడు. తాళం చెవికి ఒక చిన్న స్ప్రింగు వేలాడుతూ ఉండేది. ఏదో సోకు అనుకునేదాన్ని.

పిల్లకు పదేళ్ళు రాగానే బాపట్లలో హాస్టల్లో వేశారు. అక్కడ మొదలైంది అక్క బాధ. పిల్ల ఒళ్ళో పట్టేంత చిన్నది కాదు. నడపడానికి బావ ఉండాలి, గేరు పట్టుకోవడానికి అక్క ఉండాలి, ఇంక మూడో మనిషికి సీటేది. నేను కూర్చునే గూట్లో పిల్లను కుదేస్తే వాంతి చేసుకునేది. బాపట్లకు ఆరు మైళ్ళ అవతల సూర్యలంకలో సముద్రం. ఆ పిల్ల ప్రతి ఉత్తరంలోనూ ఒకటే రాసేది, కారులో సముద్రానికి తీసుకెళ్ళమ్మా అని. అక్క ఆ ఉత్తరాలు నా షాపుకు తెచ్చి చదివేది.

"నేను నడపాలే," అంది ఒకరోజు. "పక్కన పిల్లని కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే నడిపి, దానికి సముద్రం చూపించాలి. నాకింకేం వద్దు."

అక్క అడగడమే అరుదు. అడిగిందంటే అది ఆమె లోపల ఎన్నాళ్ళు నానిందో నాకు తెలుసు.

తొంభైల మొదట్లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక రేపల్లెలో వాళ్ళింట్లో భోజనాలు చేస్తున్నాం. కారు ఉంచిన షెడ్డు ఖాళీ చెయ్యమని మిల్లు ఓనరు అన్నాడట. పాత కార్లు కొనే మద్రాసు మనిషి ఒకాయన కబురు పెట్టాడట. అమ్మేద్దామని బావ అన్నంలో పప్పు కలుపుకుంటూ చెప్పాడు, వంకాయలు కొందామన్నంత తేలిగ్గా.

అక్క గరిటె కింద పెట్టింది.

"నాకు నేర్పుతానన్నారు, పెళ్ళిచూపుల్లో."

"నేర్పి ఏం లాభం. మూడో గేరు ఎవరు పట్టుకుంటారు?"

"నిలబడేలా చేయిస్తే?"

"చేయించు చూద్దాం," అన్నాడు బావ. ఫిట్టరు కదా, ఆ నవ్వులో పొగరు ఉంది. "పక్కన మనిషి లేకుండా, రెండో గేరులో మూలక్కుండా, తెనాలి నుంచి బాపట్ల దాకా ఒక్కదానివే తోలుకొచ్చావనుకో, బండి నీది. మళ్ళీ నేను స్టీరింగ్ ముట్టుకోను. ఈస్టరు దాకా టైము. తర్వాత మద్రాసాయన పట్టుకుపోతాడు."

"మాటేనా?"

"మాటే."

"నేను సాక్షిని బావా," అన్నాను. "ఆ కారు పెట్టుకోడానికి నా షాపు పక్క సందు ఉంది. నువ్వింక వేరే సాకు వెతుక్కో."

తెనాలిలో మా షాపుకు నాలుగు కొట్ల అవతల ఒక మెకానిక్కు ఉండేవాడు. అరవై దాటిన మనిషి, నేను బాబాయి అని పిలిచేదాన్ని. అక్క చివరిసారి మూడో గేరు పట్టుకుని బావ చేత కారును ఆయన షెడ్డు దాకా తోలించింది. బావ దిగి, తాళం చెవి అక్క చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా రైలెక్కి వెళ్ళిపోయాడు. బాబాయి కారు కిందికి దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"దీన్ని విప్పి బాగుచెయ్యాలంటే పార్టులు ఓడెక్కి రావాలమ్మా. అంతకంటే దీన్ని తీసి అవతల పారేసి, అయిదు గేర్లది పెట్టుకోవడం సుఖం. ఇప్పుడు కాంటెస్సా కార్లకి అయిదు గేర్ల బాక్సులు వస్తున్నాయి. ఎక్కడైనా పడి దెబ్బతిన్న బండి దొరికితే చెప్పండి."

అయిదు. ఆ మాట విని అక్క నా జబ్బ గిల్లింది. మచ్చ రెండు రోజులు ఉంది.

పడిన బండి దొరికింది. సంగం జాగర్లమూడిలో ఒక రైతు కొత్తగా కొన్న కాంటెస్సాను తీసుకెళ్ళి కాలవలోకి దించాడు. ఈతకు కాదు, మలుపు తిరగడం మర్చిపోయి. క్రేనుతో తీసేసరికి ఇంజను నిండా బురద. ఆర్నెల్లుగా చావిట్లో పడుంది, వెనక సీటు మీద కోడి గుడ్లు పెట్టింది. మేము వెళ్ళి గేరుబాక్సు అడిగితే ఆయన సరేననేలోపే ఆయన భార్య నా మెడలోని కొలత టేపు చూసింది.

"నువ్వు జాకెట్లు కుడతావా అమ్మాయ్?"

"కుడతానండి."

ఆ ఇంట్లో ఆవిడ, ఇద్దరు కోడళ్ళు, ఒక కూతురు. మనిషికి ఆరు చొప్పున ఇరవై నాలుగు జాకెట్లకు గేరుబాక్సు బేరం కుదిరింది. చేతి మడతలతో, హుక్కులతో, లైనింగుతో. నేను తల ఊపాను. అక్క ఆనందంలో ఇంకో ఆరు ఒప్పుకునేలా ఉంటే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

గేరుబాక్సు వచ్చింది, కానీ అది మా ఇంజనుకు అతకదు. దీని బోల్టులు ఒకచోట, దాని బోల్టులు ఇంకోచోట. రెండింటి మధ్య దళసరి లోహపు పలక ఒకటి పెట్టాలన్నాడు బాబాయి. ఒకవైపు ఇంజనుకు, రెండోవైపు గేరుబాక్సుకు బోల్టు అయ్యేలా. అది ఎవరు పోస్తారు? ఇంకెవరు, తెనాలిలో విగ్రహాలు పోసేవాళ్ళకు కొదవా. ఏ సెంటర్లో ఏ పెద్దమనిషి చెయ్యెత్తి నిలబడాలన్నా మా ఊళ్ళోనే పోతపోస్తారు. అలాంటి ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన మొహాలూ, చేతులూ, కళ్ళజోళ్ళూ పోశాడు గానీ గేరుబాక్సు జోలికి ఎప్పుడూ పోలేదు. అయినా భయపడలేదు.

"కాగితం మీద సరైన ఆకారం గీసి తెచ్చివ్వండమ్మా. ఉన్నది ఉన్నట్టు పోసిస్తా. సత్తు మీరే తెచ్చుకోండి."

అక్క ఇంట్లోని సత్తు గిన్నెలన్నీ మూటగట్టి తెచ్చింది. అన్నం వార్చే గిన్నె కూడా. బాబాయి గట్టిదనం కోసం నాలుగు పాత పిస్టన్లు కలపమని ఇచ్చాడు. బావ వారం రోజులు మట్టి దాకలో వండిన అన్నం తిన్నాడు. ఎందుకని అడగలేదు, పందెం కదా.

ఇక కాగితం. గీత గీయడం, కత్తిరించడం నా పని అని నేనే ముందుకు దూకాను. బాబాయి తన ఇంజను తను చూసుకుంటున్నాడు, నేను ఖాకీ కాగితం ఇంజను వెనక భాగానికి ఆనించి, నా సుద్ద బిళ్ళతో నీటుగా గీశాను. ఇప్పుడు మీకొక విషయం చెప్పాలి. జాకెట్టు వెనక భాగం కత్తిరించేటప్పుడు మేము పూర్తి బొమ్మ గీయం. మడత పెట్టి, సగమే గీసి కత్తిరిస్తాం. విప్పితే రెండో సగం దానంతట అదే వస్తుంది. ఆడవాళ్ళ వీపులు కుడివైపు ఎలా ఉంటాయో ఎడమవైపూ అలాగే ఉంటాయి కాబట్టి ఇరవై వేల జాకెట్లయినా అలా కుట్టొచ్చు. నేను కుడి సగం గీశాను. కాగితం మడిచాను. కత్తిరించాను. విప్పాను. ఎంత ముచ్చటగా వచ్చిందో. విగ్రహాల ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"మనిషి మొహం కూడా ఇంత సమానంగా ఉండదమ్మా," అన్నాడు. నేను పొంగిపోయాను.

పది రోజులకు పలక వచ్చింది. గిన్నెల సత్తు అద్దంలా మెరుస్తోంది. ఆయన అలవాటుకొద్దీ విగ్రహానికి పెట్టినట్టు పాలిషు పెట్టాడు. బాబాయి దాన్ని ఇంజను పక్కన పెట్టి, తల అటు వంచి, ఇటు వంచి, నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఈ ఇంజనుకి స్టార్టరు మోటర్లు ఎన్ని?"

"నాకేం తెలుసు బాబాయ్. ఎన్నుంటాయి?"

"ఒకటి. దీనికి చెవులు రెండున్నాయేంటి మరి?"

ఇంజను వెనక కుడివైపు స్టార్టరు మోటరు కోసం ఒక ఉబ్బు ఉంటుంది. ఎడమవైపు ఏమీ ఉండదు. నేను కుడి సగం గీసి మడిచానా, ఎడమవైపు కూడా ఒక చెవి మొలిచింది. ఇంజనుకు కూడా జాకెట్టు కుట్టింది మా మరదలు అని తర్వాత బావ రేపల్లె అంతా చెప్పాడు. ఆ క్షణం మాత్రం నాకు నవ్వు రాలేదు. నేల చీలితే బాగుండుననిపించింది. కరిగిన గిన్నెలు మళ్ళీ గిన్నెలు కావు, ఈస్టరుకు మూడు వారాలు కూడా లేవు, ఇదంతా నా చేతి తీట వల్ల. షెడ్డు గుమ్మంలో కూర్చుని నిజంగానే ఏడ్చాను. అక్క పక్కన కూర్చుని నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఎవరి బండి పోతుందో ఆవిడ నవ్వుతోంది, నేను ఏడుస్తున్నాను.

బాబాయి అంతసేపూ పలకను ఇంజను మీద అటూ ఇటూ జరిపి చూస్తూనే ఉన్నాడు.

"ఏడవకు. బోల్టు కన్నాలు ఇంకా వెయ్యలేదుగా, దీని మీదే పెట్టి వేసుకుందాం. తక్కువైతే పనికిరాదు గానీ, ఎక్కువైతే ఏముంది. నీ జాకెట్టుకి లోపల గుడ్డ ఎక్కువ వదిలినట్టే."

"మరి ఆ చెవి కోసెయ్ బాబాయ్."

"ఇంత నున్నగా పాలిషు పెట్టిచ్చాడు. కొయ్యడానికి చెయ్యి రావట్లేదమ్మా."

కొయ్యలేదు. చెవి తగులుతున్నచోట కారు లోపలి రేకునే సుత్తితో కొట్టి ఉబ్బించాడు. అందువల్ల ఎడమ సీటు ముందు, కాళ్ళ దగ్గర, కొబ్బరి చిప్పంత బొడిపె ఒకటి తేలింది.

కొత్త గేరుబాక్సు పొడుగెక్కువ. అక్కణ్ణుంచి వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టును పొట్టి చెయ్యాలి. ఆ పని రేపల్లెలో మిల్లు షాఫ్టులు చేసే లేతు మిషను దగ్గరే బాగా వస్తుందని బాబాయి పంపాడు. దాన్ని నేను దుప్పట్లో చుట్టి రేపల్లె పాసింజరు ఎక్కించాను. టికెట్టు కలెక్టరు వచ్చి దుప్పటి వైపు చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా అక్క కారుదండి. వెన్నెముక."

"ఎవరికి చూపిస్తారు?"

"రేపల్లెలో లేతు ఆయనకండి. పొడుగు తగ్గించాలి."

ఆయన నిదానంగా నా వైపు చూసి, టికెట్టు కూడా అడక్కుండా పక్క పెట్టెకు వెళ్ళిపోయాడు. పిచ్చిదనుకున్నాడో, నిజమనుకున్నాడో దేవుడికే తెలియాలి. రెండు రోజులకు పొట్టి షాఫ్టుతో అదే బండిలో తిరిగొచ్చాను. ఒళ్ళంతా గ్రీజు, చేతినిండా జాకెట్ల పని, కడుపు నిండా నవ్వు. నా బతుకులో అంత హుషారు నెల ఇంకొకటి లేదు.

ఆ రోజు సాయంత్రం బాబాయి పిలిచాడు. పనిలేక పాత గేరుబాక్సు విప్పి చూశాడట.

"ఒక చిన్న మాట. గేరు తన చోట నిలబడ్డానికి లోపల ఒక ఉక్కు గుండు, దాని వెనక చిటికెన వేలి గోరంత స్ప్రింగు ఉంటాయి. ఇందులో స్ప్రింగు లేదు. విరిగి పోలేదమ్మా, లేదు. ఎవరో నీటుగా తీసేసి, గ్రీజు పెట్టి మూసేశారు. మరలు తెలిసినవాడి చెయ్యి."

నాకు తాళం చెవి గుర్తొచ్చింది. దానికి వేలాడే స్ప్రింగు గుర్తొచ్చింది.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఇరవై నాలుగు జాకెట్లు, ఒక వంటింటెడు గిన్నెలు, ఒక విగ్రహాల ఆయన, ఇన్ని రైలు ప్రయాణాలు, గోరంత స్ప్రింగు కోసం. పదకొండేళ్ళు మా అక్క చెయ్యి నొప్పి పుట్టేదాకా రాడ్డు పట్టుకుంది. ఈ మనిషి స్ప్రింగును తాళానికి తగిలించుకుని తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కకు చెప్పొద్దని బాబాయి చేత ఒట్టు వేయించుకున్నాను. చెబితే ఆలుమగల మధ్య పెద్ద గొడవ అవుతుంది, పందెం చెడుతుంది, పిల్లకు సముద్రం పోతుంది. ముందు బాపట్ల చేరనీ, ఆయన సంగతి తర్వాత తేలుద్దామనుకున్నాను.

కారు తయారైంది. కాలవ గట్టు మీద బాబాయి పక్కన కూర్చుని వారం రోజులు అక్కకు నేర్పాడు. నేర్పడానికి ఏముంది, ఆ రాడ్డు ఎప్పుడు ఎటు కదులుతుందో ఆమె చేతికి పదకొండేళ్ళుగా తెలుసు. చెయ్యి మారింది, అంతే. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం, ఆరాధన అయ్యాక, ఒక కొబ్బరి మట్ట కారు ముందు కట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఎడమ సీటు ఖాళీగా పెట్టుకుని అక్క తెనాలి నుంచి బయల్దేరింది. వీధి మలుపు దగ్గర మూడో గేరు వేసి చెయ్యి పైకెత్తి మాకు చూపించింది. పందెం చూడ్డానికొచ్చిన బావ నవ్వలేదు. వెంటనే ఆయనా నేనూ బాపట్ల రైలెక్కాం.

పొన్నూరు మీదుగా గంటన్నరకు రావాలి. మేము స్టేషను బయట రోడ్డు మీద నిలబడ్డాం. గంటన్నర అయింది. రెండు గంటలు అయింది. బావ రోడ్డు చివరికి నడిచి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. రెండున్నర గంటలకు ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఒక్కదాన్నే పంపకుండా ఉండాల్సింది," అన్నాడు.

నాకూ లోపల భయమే. భయం వేస్తే నాకు నోరు లేస్తుంది.

"పదకొండేళ్ళ కిందే స్ప్రింగు పెట్టుంటే ఈపాటికి వంద సార్లు వచ్చేది."

బావ ఆగిపోయాడు. నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"పెళ్ళయిన కొత్తలో మీ అక్క నాతో మాట్లాడేది కాదు. కారులో అటువైపు తిరిగి కూచునేది. ఒకరోజు స్ప్రింగు విరిగి మూడో గేరు జారింది. పట్టుకోమన్నా. పట్టుకుంది. రేపల్లె వచ్చేదాకా తన చెయ్యి నా చెయ్యి పక్కనే ఉంది. మర్నాడు కొత్త స్ప్రింగు వేశా. మళ్ళీ అటు తిరిగి కూచుంది. తీసేశా."

"ఆ తర్వాత మాట్లాడుతోందిగా బావా. మా తల తినేంత మాట్లాడుతోంది. అప్పుడు పెట్టొచ్చుగా."

"ఎలా పెట్టను. ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదంటే ఏం చెప్పను." మళ్ళీ రోడ్డు చివరికి నడవబోతూ, "చెప్పకమ్మా," అన్నాడు.

ఆ మనిషిని తిట్టడానికి ఇన్ని రోజులుగా దాచుకున్న తిట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. నాకు ఆయన మీద జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది.

అంతలో హారను మోగింది. అది వచ్చింది తెనాలి వైపు నుంచి కాదు, సముద్రం వైపు నుంచి. కొబ్బరి మట్ట సగం ఊడి వేలాడుతోంది. అక్క జుట్టంతా చెదిరిపోయి ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడి. ఎడమ సీటు నిండా ఇసుక. కాళ్ళ దగ్గర నా రెండో చెవి బొడిపె మీద చిన్న చెప్పు ఒకటి, పిల్లది.

"పందెం బాపట్ల దాకానే కదా," అన్నాడు బావ.

"బాపట్లలో ఆగడం మర్చిపోయానండి. హాస్టలు ముందు పిల్ల నిలబడుంది, ఎక్కించుకున్నా. అయిదో గేరు పడ్డాక ఆగబుద్ధి కాలేదు." అక్క ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. "దారంతా రెండు చేతులూ పైకెత్తుకుని అరుస్తానే ఉంది. ఆ బొడిపె మీద కాలు తన్నిపెట్టి లేచి నిలబడింది కూడా. నీళ్ళలో దింపి, మళ్ళీ హాస్టల్లో దించి వస్తున్నా. చెప్పు మర్చిపోయింది చూడు."

బావ ఆ చెప్పు తీసి, ఇసుక దులిపి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కారు చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఇచ్చిన మాట అలా చెల్లించాడు. నేను వెనక గూట్లో నా మోకాళ్ళతో సర్దుకున్నాను.

పొన్నూరు ఇవతల రైల్వే గేటు పడింది. పక్కనే తాటి ముంజలు అమ్ముతున్నారు. బావ దిగి కొనడానికి వెళ్ళాడు. ఇంజను ఆపేసి ఉంది. తాళానికి స్ప్రింగు ఊగుతోంది. ఇంక నా వల్ల కాలేదు.

"అక్కా, ఆ స్ప్రింగు ఏంటో తెలుసా?" అన్నాను.

"గేరుబాక్సుది," అంది అక్క, అద్దంలో జుట్టు సర్దుకుంటూ. "తాళం రింగు ఊడితే బిగించమని పెళ్ళయిన మూడో ఏడే లేతాయన దగ్గరికి తీసుకెళ్ళా. ఇది మీ గేరుబాక్సులోదండి, ఇక్కడుందేంటి అన్నాడు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోయేవాడే."

"అయితే ఇరవై నాలుగు జాకెట్లు..."

"బండి నేను నడపాలి, పిల్ల పక్కన కూచోవాలి, ఆయన పరువు పోకూడదు. ఇంకో దారుంటే నువ్వే చెప్పవే."

ఎనిమిదేళ్ళుగా ఆయన తన గుట్టు దాచుకుంటూ, అక్క తెలియనట్టే దాన్ని కాపాడుతూ ఉన్నారు, నేను మధ్యలో దూరి గిన్నెలు కరిగించాను. బావ తాటాకులో ముంజలు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. గేటు లేచింది. ఒకటి, రెండు. అక్క మూడో గేరు వేసి, రాడ్డు మీద నుంచి చెయ్యి తియ్యకుండానే అంది.

"ఏవండీ, మీ చెయ్యి ఇలా పెట్టండి."

"ఎందుకు, ఇది జారదుగా."

"జారదు. పెట్టండి."

బావ తాళం వైపు చూశాడు. ఊగుతున్న స్ప్రింగును చూశాడు, అక్కను చూశాడు. వెనక నుంచి నాకు కనిపించింది ఆయన చెవులు మాత్రమే, అవి రెండూ ఎర్రబడిపోయాయి. కుడి చెయ్యి తెచ్చి రాడ్డు మీద పెట్టాడు. అక్క దాని మీద తన చెయ్యి వేసి నాలుగు వేసింది, అయిదు వేసింది, తెనాలి వచ్చేదాకా తియ్యలేదు. ముంజలన్నీ నా ఒళ్ళో పడేశారు, ఒక్కటి కూడా అడగలేదు. అన్నీ నేనే తిన్నాను.